జాన్‌బాబు ఇంట్లో ఒక్కటే పాస్‌పోర్టు

జాన్‌బాబు గురించి ఇంకెవరైనా రాస్తే ఆయన చేతుల దగ్గర మొదలుపెడతారు. నేను మాత్రం నా నోటి దగ్గర మొదలుపెట్టాలి. ఇరవై అయిదేళ్ల కాపురాన్ని రెండు నెలలు తిరక్కుండా చల్లపల్లి బస్సెక్కించింది అదే.

ముందు నా సంగతి చెప్పేస్తాను. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు కాబట్టి తొందరగానే అయిపోతుంది. పేరు కిరీటి. మాది కంకిపాడు. మైలవరం పక్కన ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడో ఏడు దాకా చదివాను. చదివానంటే, ఫీజు కట్టాం. ఒకరోజు క్లాసులో లేచి నిలబడి, "సార్, ఇది మీక్కూడా అర్థం కాలేదు కదా?" అన్నాను. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. కానీ బయటికి వెళ్లాల్సి వచ్చింది నేను. అలా వెళ్లినవాణ్ని మళ్లీ లోపలికి పోలేదు. తర్వాత పొలాలకి మందు కొట్టే డ్రోను తెచ్చాను. మా మినుము చేను మీద ఎగరాల్సింది పక్కవాళ్ల చేపల చెరువులో దిగింది. ఆ తర్వాత యూట్యూబ్ చానెల్ పెట్టాను. దాన్ని క్రమం తప్పకుండా చూసిన ఇద్దరిలో ఒకరు మా అమ్మ, రెండోది మా అమ్మ దగ్గరున్న ఇంకో ఫోను.

ఆఖరికి మా నాన్న వెంకటసుబ్బారావు నన్ను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలని నిశ్చయించుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక గది తీసుకుని, కంప్యూటరూ ప్రింటరూ పెట్టించాడు. బోర్డు మీద "కిరీటి ఆన్‌లైన్ సర్వీసెస్" అని ఉంటుంది. ఆధార్, పాన్, పాస్‌పోర్టు దరఖాస్తులు, రైలు టికెట్లు, విదేశీ టూర్లు. సొంత పరీక్ష పేపరు నింపలేనివాడు ఊరందరి ఫారాలూ నింపుతున్నాడని మా నాన్న బంధువులందరికీ చెప్పుకుని నవ్వుతాడు. నేను కూడా నవ్వుతాను. ఏం చేస్తాను, కుర్చీ ఆయనది.

నా గదికి ఎదురుగా ఉన్న షెడ్డులో లారీలకు బాడీలు కడతారు. కంపెనీ నుంచి లారీ ముక్కూ మొహంతో, చక్రాలతో, వెనక ఒట్టి ఇనప ఎముకలతో వస్తుంది. దానికి వీపూ పక్కలూ కట్టి పంపేది ఇక్కడే. ఆ షెడ్డులో పెద్దమేస్త్రీ జాన్‌బాబు. యాభై దాటాడు. చెవి మీద పెన్సిలు, ముక్కు మీద రంపంపొట్టు. టేపు జేబులోనే ఉంటుంది గాని, జానతో కొలిచి, అది తప్పో ఒప్పో చూసుకోవడానికి మాత్రమే బయటికి తీస్తాడు. తప్పు రాదు. వచ్చినట్టు నేను చూడలేదు.

మాట చాలా తక్కువ. ఆయన మాట్లాడేది పాత లారీలతోనే. ఆరేళ్ల కిందట తను కట్టిన బండి మరమ్మతుకి వస్తే పక్క చెక్క మీద తట్టి, డ్రైవర్ని అడుగుతాడు: "ఎక్కడెక్కడ తిరిగిందయ్యా ఇది?" నాగాలాండ్ అంటాడు వాడు, జమ్మూ అంటాడు, రాజస్థాన్ ఇసుకలో మూడు రోజులు ఇరుక్కుందంటాడు. చేతిలో టీ చల్లారిపోతున్నా జాన్‌బాబు వింటూనే ఉంటాడు. తర్వాత నా దగ్గరికొచ్చి, "మన బండి జమ్మూ పోయి ఆపిల్ కాయలు ఏసుకొచ్చిందంటరా," అంటాడు, కొడుక్కి ఉద్యోగమొచ్చినట్టు.

ఆయన మాత్రం పడమర గుంటూరు, తూర్పు ఏలూరు దాటలేదు. ఏలూరులో కూతురు గ్రేసీ నర్సు. అత్తగారి ఊరు చల్లపల్లి. ఒకసారి వేళాంగణి వెళ్లారు, అదీ చర్చివాళ్లు బస్సు పెట్టారు కాబట్టి.

దానమ్మ ఆయన భార్య. నేను పిన్నీ అంటాను. అదే వీధిలో లారీల మీద కప్పే పట్టాలు కుడుతుంది. ఆయన కట్టిన బండి మీద ఆమె కుట్టిన పట్టా కప్పుకుని ఎన్ని లారీలు దేశం తిరిగాయో లెక్కలేదు. గుణదల తిరనాళ్లు ముగిసిన మర్నాడు వాళ్ల పెళ్లయింది, ఫిబ్రవరి పన్నెండు. ఏటా ఫిబ్రవరి రాగానే జాన్‌బాబు, "ఎటైనా పోదామా?" అంటాడు. దానమ్మ, "ఇప్పుడెందుకులే," అంటుంది. అంతటితో అయిపోతుంది. ఒక ఏడు ఇంటి కప్పు కారుతుంది, ఒక ఏడు గ్రేసీ చదువు, ఒక ఏడు ఫ్రిజ్జు. అలా ఇరవై నాలుగుసార్లు.

డిసెంబరులో ఒక సాయంత్రం నా గదిలో స్టూలు మీద కూర్చుని ఆయన అన్నాడు: "ఈసారికి ఇరవై అయిదేళ్లవుద్దిరా. దాన్ని పాపికొండలు తీసకపోదామనుకుంటన్నా. చీటీ కూడా పాడాను."

అక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఇదంతా లేదు.

"పాపికొండలేంటి బాబాయ్? ఇరవై అయిదేళ్లకి పడవెక్కిస్తావా? ఫారిన్ తీసుకెళ్లు."

"ఫారినా?"

"ఫారినే. అదీ చెప్పకుండా. సర్‌ప్రైజ్. ఎయిర్‌పోర్టు దాకా కళ్లకి గంతలు కట్టి తీసుకెళ్లి, అక్కడ విప్పాలి."

"గంతలు కట్టుకుని అంతమందిలో ఎట్టా నడుస్తదిరా? పడిపోద్ది."

"నువ్వు పట్టుకుంటావు బాబాయ్. అదే అందం."

ఆయన స్టూలు నా బల్ల దగ్గరికి జరుపుకున్నాడు. "చెప్పకపోతే కోప్పడదా?"

"ఏడుస్తుంది. ఆనందంతో."

నాకు పెళ్లి కాలేదు. ఒక అమ్మాయి మాట్లాడేది, ఆమె జుట్టు కత్తిరింపు గురించి నిజం చెప్పాక మాట్లాడటం మానేసింది. భార్యలు ఎప్పుడు ఆనందంతో ఏడుస్తారో నేను ఫోనులో చూసిన అర నిమిషం వీడియోలవల్ల తెలుసుకున్నాను. కానీ జాన్‌బాబుకి నా మాట నచ్చింది. ఆయనకి కావలసింది ఒక్కటే: దానమ్మ చేత "ఇప్పుడెందుకులే" అనిపించుకోకుండా ఈ ఒక్కసారి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లడం. ముందుగా చెప్పకపోతే, అనడానికి ఆమెకి సందే ఉండదు కదా! నేను గోడ మీదున్న పోస్టరు చూపించాను. దుబాయ్, నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు. అద్దాల మేడలు, ఎడారిలో జీపు.

ఇక్కడ అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటుంది. దానమ్మకి పదకొండేళ్లప్పుడు వాళ్లమ్మ సువార్తమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. రెండేళ్లని వెళ్లి, దానమ్మ పెళ్లికి తిరిగొచ్చింది. మధ్యలో తొమ్మిదేళ్లు. జాన్‌బాబుకి ఇది తెలుసు. కానీ ఆయన లెక్కలో అది కువైట్, ఇది దుబాయ్. అది పని, ఇది షికారు. రెండిటికీ పోలికుందని ఆయనకి తట్టనే లేదు.

పాస్‌పోర్టు కావాలంటే మనిషి స్వయంగా వెళ్లి ఫొటో దిగాలి, వేళ్లు పెట్టాలి. దానికి సాకు కూడా నేనే కనిపెట్టాను. మన దగ్గర ఇంటి స్థలం పట్టా దగ్గర్నుంచి గ్యాస్ బండ దాకా ఏ పథకమొచ్చినా ఆడవాళ్ల పేరు మీదే వస్తుంది. అది అలవాటైపోయిన జనం మేము. అందుకని, "పాస్‌పోర్టు కూడా ఇప్పుడు ముందు ఆడవాళ్లకి ఇస్తున్నారు పిన్నీ, మగవాళ్లకి తర్వాత," అన్నాను.

"నాకెందుకురా అది?"

"గుర్తింపు కార్డులా పనికొస్తుంది."

"ఉన్న కార్డులు పెట్టడానికే బీరువా చాలట్లా," అంది గాని వచ్చింది. లోపలికెళ్లి గంటన్నర తర్వాత బయటికొచ్చింది. "నా వేళ్లు అరిగిపోయినయ్యంట. పట్టాలు కుట్టి కుట్టి. నాలుగుసార్లు పెట్టించాడు ఆ అబ్బాయి," అంటూ తన వేళ్లకేసి తనే చూసుకుంది.

"మరి నాది?" అని ఆ సాయంత్రం జాన్‌బాబు అడిగాడు.

"ఇప్పుడే నీది కూడా పెడితే మగవాళ్లకి తర్వాత అన్న మాట అబద్ధమైపోదా? నీది తత్కాల్‌లో చిటికెలో తీసేద్దాం బాబాయ్."

నా తెలివికి నేనే మురిసిపోయిన రోజులవి. తీరా చూస్తే ఆ చిటిక నేను వెయ్యలేదు. వారం అనుకున్నాను, ఇంకో వారం అనుకున్నాను. అప్పుడు క్రికెట్ ఉంది. నా మీద నాకున్న అభిప్రాయం మారడానికి అది కూడా ఒక కారణం.

సంక్రాంతి సెలవులు అయిపోయాక పోలీసు విచారణ వచ్చింది. కానిస్టేబులు నాకే ఫోన్ చేశాడు, ఫారంలో నా నంబరే పెట్టాను కాబట్టి. ఇరుగుపొరుగు సాక్షి సంతకం కావాలన్నాడు. దానమ్మ పక్కింటి కనకలక్ష్మి గారిని పట్టుకున్నాను. ఆవిడ వాళ్ల డ్వాక్రా సంఘానికి లీడరు. సంతకం పెడుతూ కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"దానమ్మకి పాస్‌పోర్టు పథకం వచ్చిందా? మా సంఘంలో ఎవరికీ చెప్పలేదేం?"

"మీది రెండో విడతండీ," అన్నాను.

అబద్ధం చెప్పడం చేతకానివాడు అబద్ధాన్ని సంఘం లీడరుకి చెప్పకూడదు. ఆవిడ దాన్ని నిజంగా తీసుకుని, ఆ వారం మీటింగులో అధికారిని అడిగేసింది: "సార్, మా పాస్‌పోర్టుల రెండో విడత ఎప్పుడండీ?" అలాంటి పథకమే లేదన్నాడాయన. పద్నాలుగు మంది ఆడవాళ్లు దానమ్మ వైపు తిరిగారు. ఒకావిడ, "మా ఆడపడుచుని గల్ఫ్‌కి పంపేటప్పుడు కూడా ఇట్టాగే, బ్యాంకు పనని చెప్పి ఫొటో దింపారు," అందట. ఇంకొకావిడ ఊరుకోమని ఆవిడ మోచేయి పొడిచిందట. మర్నాడే పోస్టుమ్యాన్ వచ్చి, ఆధార్ చూసి, పాస్‌పోర్టు దానమ్మ చేతిలో పెట్టి వెళ్లాడు. అది మనిషి చేతికే ఇస్తారని, ఊళ్లో అందరికీ చెప్పే నేను, ఆ ఒక్క ఇంటి విషయంలో మరిచిపోయాను.

ఆమె భర్తని అడగలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చింది. వెనక కనకలక్ష్మి గారు. నేను సరిగ్గా అప్పుడే టూరు కంపెనీ ఫారం నింపుతున్నాను. తెర మీద దానమ్మ ఫొటో, దానమ్మ పేరు, పైన పెద్ద అక్షరాలతో దుబాయ్. రెండో పేరు ఉండాల్సిన గడి ఖాళీ. పాస్‌పోర్టు లేని మనిషి పేరు అది తీసుకోదు.

దానమ్మ తెరకేసి చూసింది. గోడ మీది పోస్టరుకేసి చూసింది. చేతిలోని పాస్‌పోర్టు నా బల్ల మీద పెట్టింది.

"ఇది నువ్వే గదా తీయించింది? క్యాన్సిల్ చెయ్."

"పిన్నీ..."

"ఎవరి ఇంటికిరా? ఎన్నేళ్లకి మాట్లాడారు?"

"ఎవరి ఇల్లు పిన్నీ? నాకేం తెలీదు. బాబాయ్‌ని అడుగు."

కనకలక్ష్మి గారు అందుకుంది. "తెలీదంటాడేంటి? తెర మీద పెట్టుకుని కూచున్నాడు. ఇరవై మూడేళ్లకే ఏజెంటయ్యావా నాయనా? మీ అమ్మానాన్నలకి తెలుసా?"

ఒక్క మాట చాలు. "షికారుకి పిన్నీ, మీ ఇద్దరూ," అంటే అయిపోయేది. కానీ జాన్‌బాబు నా చేత ఒట్టు వేయించుకున్నాడు, "నీ నోటికి భయపడతన్నారా," అని మరీ. అందుకని, పుట్టిన దగ్గర్నుంచీ ఏ అక్కరా లేనిచోట నిజాలు వాగుతూ వచ్చినవాణ్ని, అవసరమైన ఆ ఒక్క పూటా పెదవి బిగించి కూర్చున్నాను. లోపల్లోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

దానమ్మ నన్ను తిట్టలేదు. "మా నాన్న కూడా చెడ్డోడు కాదురా," అంది. "మంచోడే పంపాడు. ఏడుస్తా పంపాడు." పాస్‌పోర్టు మళ్లీ తీసుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి సగం కుట్టిన పట్టా దుకాణంలోనే ఉంది, సూది దానికే గుచ్చి. మనిషి చల్లపల్లి వెళ్లిపోయింది. జాన్‌బాబు నా గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. మొహాన రంపంపొట్టు అలాగే ఉంది.

"చెప్పేశావా?"

"లేదు బాబాయ్! ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరి ఇంటికి, ఎన్నేళ్లకి అని ఎంత అడిగినా!"

గర్వంగా అన్నాను, దాచుకోవడం ఎందుకు.

"ఇయ్యాళేనేంట్రా నీకు నోరు మూసుకోవాలనిపించింది?"

నా బండి మీదే వెళ్లాం. ఉయ్యూరు దాటాం. పామర్రు దగ్గర చెరుకు ట్రాక్టరు వెనక ఇరుక్కుపోయినప్పుడు, "ఎన్నేళ్లకి అని అడిగిందా అది?" అన్నాడు. అడిగిందన్నాను. నా భుజం మీద ఉన్న ఆయన చెయ్యి బరువెక్కింది. ఆయన అమ్మేస్తాడనీ పంపేస్తాడనీ దానమ్మ అనుకోగలిగింది, అదే ఆయన్ని తొలుస్తున్నది. వెనక్కి తిరిగి చూడాలనిపించింది గాని అద్దంలో కూడా చూడలేదు.

చల్లపల్లిలో సువార్తమ్మది రెండు గదుల స్లాబు ఇల్లు. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, నిటారుగా కూర్చుని చిన్న గ్లాసులో పాలు లేని టీ తాగుతోంది. దానమ్మ ఆమె పక్కన చాప మీద కూర్చుని మినుములు చేటలో పోసుకుని ఏరుతోంది. తలెత్తలేదు.

"రండి అల్లుడుగారూ," అంది సువార్తమ్మ. "ఏజెంటు గారు కూడా వచ్చారే. కూచోండి ఏజెంటు గారూ."

ఇక ఆపుకోలేకపోయాను. మొత్తం వాగేశాను: పెళ్లిరోజు, షికారు, సర్‌ప్రైజ్, ఎడారి జీపు, గంతలు. ఫోను తీసి ఫొటోలు చూపించాను. హోటలు గది, తెల్లటి పరుపు, కిటికీలోంచి సముద్రం.

సువార్తమ్మ ఫోను దూరంగా పట్టుకుని చూసింది. "నాకూ ఫొటోనే చూపించారయ్యా. ఆస్పత్రి. ఇట్టాగే తెల్లటి దుప్పట్లు. ఆయా పనన్నారు. తీరా దిగితే మూడంతస్తుల ఇల్లు, పదకొండు మంది. ఆస్పత్రి నేను చూళ్లా, జొరమొచ్చినప్పుడు కూడా." ఫోను తిరిగిచ్చింది. "ఎన్ని రోజులంట ఇది?"

"అయిదు పగళ్లు, నాలుగు రాత్రులు అమ్మమ్మా."

"నాకు రెండేళ్లన్నారు."

దానమ్మ చేట పక్కన పెట్టింది. "సరే. ఇద్దరం పోతన్నాం అంటన్నారు. నా పాస్‌పోర్టు ఇదుగో." జాకెట్టులోంచి తీసి చాప మీద పెట్టింది. "ఈయనదేది?"

జాన్‌బాబు నాకేసి చూశాడు. నేను చాపకేసి చూశాను.

"షికారుకి పోయే మొగుడు తనది తీయించుకోకుండా పెళ్లానికొక్కదానికే ఎందుకు తీయించాడు? చెప్పరా కిరీటీ. అన్నీ తెలిసినోడివి గదా."

"నా తప్పు పిన్నీ. తర్వాత తీద్దామని... బద్ధకించాను."

"బద్ధకించావు."

"క్రికెట్ ఉంది."

నా జీవితంలో నేను చెప్పిన నిజాలన్నిటిలోకీ ఇది సిగ్గుమాలింది. కానీ చిత్రంగా సువార్తమ్మకి నా మీద మొదటిసారి నమ్మకం కలిగినట్టుంది. "వీడు ఏజెంటు కాదులేవే," అంది కూతురితో. "ఏజెంట్లు పని చేస్తారు."

దానమ్మ నవ్వలేదు. జాన్‌బాబు వైపు తిరిగింది. ఆయన స్టూలు అంచున కూర్చుని రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఉన్నాడు. ఆ చేతులు ఏదో ఒక పని లేకుండా ఊరికే ఉండటం నేనప్పుడే చూశాను.

"నోరు తెరవ్వయ్యా. వాడు చెప్పిందంతా విన్నా. నువ్వు చెప్పు."

"చెప్తే వద్దంటావని," అన్నాడాయన.

"అంటాను. నా తీరే అది. నీకు తెలీదా? ఇప్పుడెందుకులే అంటాను. అన్నాక ఇంకోసారి అడిగావా ఎప్పుడైనా? హమ్మయ్య అని పనికి పోయేవాడివి. లారీ ఓనరు ఈ చెక్క వద్దంటే గంటసేపు కూచోబెట్టి ఒప్పిస్తావంట, షెడ్డు వాళ్లే చెప్తారు. నాతో ఒక్క నిమిషం కూచున్నావా?"

బయట ఎవరో నీళ్ల మోటారు వేశారు. అది నీళ్లు తోడుకోవడం మొదలైంది.

"దుబాయ్ పోదామా?" అన్నాడు జాన్‌బాబు.

"వద్దు."

నేను నోరు తెరిచాను. సువార్తమ్మ నా చేతిలో టీ గ్లాసు పెట్టింది. "నువ్వు తాగు నాయనా."

జాన్‌బాబు స్టూలు దిగి చాప మీద కూర్చున్నాడు. మోకాళ్లు పట్టేసి ఒక పక్కకి ఒరిగి మరీ కూర్చున్నాడు. "ఎందుకొద్దు?"

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. చేటలో మినుములు ఇటునుంచి అటు కదిపింది. "దిగ్గానే పాస్‌పోర్టు లాక్కుంటారు. అమ్మది తొమ్మిదేళ్లు వాళ్ల బీరువాలో ఉంది. నాన్న పోయినప్పుడు కూడా ఇయ్యలా. నేను ఇక్కడ రోడ్డు మీద నిలబడి వచ్చే ప్రతి బస్సూ చూశాను."

"నీది నీ దగ్గరే ఉంచుకో. నాది కూడా నువ్వే ఉంచుకో. అక్కడ నేను నీ చెయ్యి వదిల్తే నాకే ఇంటికొచ్చే దారుండదు."

"నీది ఎక్కడుందయ్యా ఉంచుకోడానికి!"

సువార్తమ్మ ముందు నవ్వింది. టీ పొలమారింది. తర్వాత దానమ్మ, వద్దనుకుంటూనే. జాన్‌బాబు నవ్వలేదు. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, అరచేతి వెనక భాగంతో, రంపంపొట్టు పడిందన్నట్టుగా. షెడ్డు నుంచి యాభై అయిదు కిలోమీటర్ల దూరంలో.

"ముందు నీది రానీ," అంది దానమ్మ. "రెండూ నా చేతిలో పెట్టు. అప్పుడు చూద్దాం."

"ఇప్పుడెందుకులే" వినీ వినీ అలవాటైన మనిషికి "చూద్దాం" అంటే ఏమిటో ఆయన మొహంలో కనిపించింది. నేనైతే అప్పుడే విమానం టికెట్టు కొనేసేవాణ్ని. అందుకే నాకు పెళ్లి కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వాళ్లిద్దరూ బస్సులో వచ్చారు. నన్ను ఎవరూ రమ్మనలేదు, బండి ఉంది కదా.

ఆ రాత్రే ఆయన దరఖాస్తు పెట్టాను. తత్కాల్‌కి కావలసిన కాగితం ఒకటి ఆయన దగ్గర లేదని అప్పుడు తెలిసింది. అది కూడా ముందే చూసి ఉండాల్సింది నేనే. మామూలు పద్ధతిలో దొరికిన మొదటి తేదీ ఫిబ్రవరి పన్నెండు. ఇంకో తేదీ కోసం చాలాసేపు వెతికాను. లేదు. అలా ఇరవై అయిదో పెళ్లిరోజున అద్దాల మేడల కింద ఉండాల్సిన దంపతులు, నా పుణ్యాన, పాస్‌పోర్టు కేంద్రం గేటు దగ్గర క్యూలో ఉన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కాలో, ఆమె పట్టుచీరలో. పొద్దున్నే చర్చికి వెళ్లి నేరుగా వచ్చారు.

లోపలికి దరఖాస్తుదారుణ్ని మాత్రమే పంపుతారు. దానమ్మా నేనూ గేటు బయట గోడ నీడన నిలబడ్డాం. లోపలికి వెళ్లే ముందు ఆయన చేతిలోని ప్రతి కాగితాన్నీ ఆమె నా చేత పైకి చదివించింది, అర్థం చెప్పించింది. నాకు తెలియని రెండు ముక్కలు ఉన్నాయి. తెలియదని ఒప్పుకున్నాను. ఫోనులో చూసి చెప్పమంది.

"తేదీ నేను చెప్తాను," అంది తర్వాత. "వచ్చే వారం నుంచి శ్రమదినాలు. నలభై రోజులు మాంసం మానేసి, అక్కడ వాళ్లు తింటా ఉంటే చూస్తా కూచోమంటావా? ఈస్టర్ అయ్యాక పెట్టు."

"అప్పుడు దుబాయ్‌లో ఎండలు పిన్నీ. తట్టుకోలేరు."

దానమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవరికి చెప్తన్నావురా? బెజవాడోళ్లకా?"

నోరు మూసుకున్నాను. ఈసారి మూసుకోవలసిన చోటే.

ఆమే మళ్లీ అడిగింది. "ఆ ఫొటోలో గది ఉంది గదా. తెల్ల పరుపు. అది రోజూ ఎవరు ఊడుస్తారు?"

"హోటల్ వాళ్లు."

"వాళ్లంటే ఎవరు?"

"పనివాళ్లు ఉంటారు పిన్నీ. ఎక్కడెక్కడి వాళ్లో."

"మనవైపు వాళ్లు కూడా ఉంటారా?"

"ఉండొచ్చు."

ఆమె రోడ్డు మీద బస్సులకేసి చూసింది. "అయితే ఆ గది నేనే సర్ది పెడతా," అంది. "ఆవిడొస్తే అయిదు నిమిషాలు కూచోమంటా. మాట్లాడుకుంటాం."

గంటకి జాన్‌బాబు బయటికొచ్చాడు. ఆయన వేలిముద్రలు కూడా పడలేదట, అయిదుసార్లు పెట్టించారట. రసీదు నాకు ఇవ్వబోయాడు, అలవాటు కొద్దీ. దానమ్మ మధ్యలోనే అందుకుని, పేరూ తేదీ చూసి, మడిచి తన పర్సులో పెట్టుకుని జిప్పు లాగింది.

"టిఫిన్ తిందామా?" అన్నాడాయన.

"పద."

నేను కూడా ఒక అడుగు వేశాను. దానమ్మ వెనక్కి తిరిగి, "నువ్వెక్కడికి? పోయి షాపు తెరుచుకో," అంది. ఇద్దరూ బస్సుల మధ్యలోంచి రోడ్డు దాటి వెళ్లిపోయారు. నేను గేటు దగ్గర ఖాళీ ఫైలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. ఒక ముసలాయన దగ్గరికొచ్చి అడిగాడు, "బాబూ, మీరు ఏజెంటా?"

"కాదండీ," అన్నాను.